కొండమీది కుండ

దుర్ముఖి నామ సంవత్సరం, వైశాఖ బహుళ పంచమి. పొద్దెక్కకుండానే వడగాలి మొదలైంది. మధ్యాహ్నానికి కాకులు కూడా అరవడం మానేశాయి. ఆ రోజు పెరుగు మామ్మ తన తోడుకుండని కొండమీది చలువకొట్టులో పెట్టింది.

ఆ తోడు మామ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది. కాపరానికి పంపేటప్పుడు చిన్న పిడతలో పోసి, పైన అరిటాకు కట్టి, ఒళ్ళో పెట్టింది. తరవాత అమ్మ పోయింది. ఫోటో అయినా లేదు. ఆ తోడుతో అయిన పెరుగు తియ్యగా ఉండి, చివర ఎక్కడో కాస్త పులుపు తగిలేది. వాళ్ళమ్మ మాట కూడా అలాగే ఉండేదట.

చలువకొట్టు ఆయన మంచివాడే. కొండ కడుపులో రాతిగది తొలిపించి, సెలయేటి నీళ్ళు గోడల మీదుగా పారించాడు.

"ఇక్కడైతే పులవదు, పిల్లి ముట్టదు. రోజూ సాయంత్రం ఇంటికి గరిటెడు పంపిస్తాను. నాకేమీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు.

"ఊరికే ఎందుకు నాయనా?"

"ఊరందరి కుండలూ ఒక్కచోట చూస్తుంటే అదో తృప్తి, మామ్మగారూ."

"ఇచ్చేద్దాం అత్తయ్యా. ఈ ఎండలకి మన పెరుగు నోట్లో పెట్టుకునేలా లేదు" అంది కోడలు.

తలుపు దగ్గర ఒక్కొక్కరి చేతా పేరు చెప్పించాడు. ఆ గొంతే తాళంచెవి అన్నాడు. మామ్మ గట్టిగా, ముచ్చటగా చెప్పింది. అప్పటికి పళ్ళన్నీ ఉన్నాయి.

ఊరంతా ఇచ్చారు గానీ ఎదురింటావిడ ఇవ్వలేదు. ముందుచూపేమీ కాదు, మోకాళ్ళ నొప్పులు.

"నా పుట్టింటి తోడు మెట్లెక్కదు" అంది.

"నీ పుట్టింటిదా, ఆనాడు నా దగ్గర పట్టుకెళ్ళిందా?" అంది మామ్మ.

"అది ఆ ఒక్క పూటకే వదినా. మర్నాడే మావాళ్ళ దగ్గర్నుంచి తెప్పించుకున్నాను."

ఈ గొడవ వాళ్ళిద్దరికీ పాతదే. అది లేకపోతే ఇద్దరికీ పొద్దుపోదు.

ఇక్కడ పెరుగు సంగతి ఒకటి చెప్పుకోవాలి. పూర్వం వడ్డించే ముందు మర్నాటి తోడుకని ఒక గరిటెడు పక్కకి తీసేవారు. అది తియ్యనిదే ఇంటి యజమాని విస్తట్లో కూడా పెరుగు పడేది కాదు. కొత్తకోడలికి అందరికన్నా ముందు నేర్పేది అదే. చలువకొట్టు వచ్చాక, సాయంత్రం ఎలాగూ వస్తుంది కదా అని, కుండ అడుగు గీకి తిని కడిగి బోర్లించడం అలవాటైంది. మామ్మ ఇంట్లో ఉట్టిమీదికి ఉల్లిపాయలు ఎక్కాయి.

ఏళ్ళు గడిచాయి. మనవరాలికి పెళ్ళయింది. తెల్లారితే అత్తారింటికి ప్రయాణం. తన తల్లి తన ఒళ్ళో పెట్టినట్టే తనూ పిల్ల ఒళ్ళో తోడుపిడత పెట్టాలని మామ్మ ఆశ. ఆ మధ్యాహ్నమే, అందరి భోజనాలూ అయి కుండ కడిగేశాక, కొండమీంచి కబురొచ్చింది. ఇక ఇళ్ళకి పంపడం కుదరదు, ఎవరిది వాళ్ళే వచ్చి అడగాలని.

మామ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని కొండెక్కింది. తలుపు ముందు నిలబడి పేరు చెప్పింది. తలుపు కదల్లేదు.

"ఇది ఆ గొంతు కాదు మామ్మగారూ" అన్నాడు ఆయన.

"పళ్ళూడిపోయాయి నాయనా. గొంతు మాత్రం ఏం చేస్తుంది? నేనెవరో నువ్వెరగవూ?"

"నేనెరుగుదును. తలుపు ఎరగదు. ఇప్పుడది నా మాట కూడా వినదు."

"కుండ బాగుందా?"

"భేషుగ్గా ఉంది. చూడండి."

చిన్న కిటికీలోంచి చూపించాడు. అంచు కాస్త విరిగిన కుండ, తనదే, వరసలో చల్లగా కూర్చుని ఉంది. మామ్మ చెయ్యి చాపింది. కిటికీలో చెయ్యి పట్టలేదు.

"తలుపు కట్టించినప్పుడు ముసలితనం సంగతి తోచలేదు మామ్మగారూ" అన్నాడాయన. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

దిగి వచ్చేసరికి వీధిలో దీపాలు పెట్టేశారు. ఎదురింటావిడ అరుగు మీద ఉంది.

"తోడు దొరికిందా?"

"కళ్ళారా చూసొచ్చాం" అంది మామ్మ.

"పోనీలే నానమ్మా, అత్తారింట్లోనూ పెరుగు ఉంటుందిగా" అంది మనవరాలు.

దీపాలు పెట్టాక తోడు గడప దాటించకూడదని ఆ ఊళ్ళో పట్టింపు. అందరిలోకీ ఎదురింటావిడకి ఆ పట్టింపు మరీ ఎక్కువ. అలాంటిది లోపలికి వెళ్ళి, పిడత పట్టుకుని వీధి దాటి వచ్చింది.

"దీపాలు పెట్టేశావు కదా వదినా" అంది మామ్మ.

"పెట్టాక ఇవ్వకూడదన్నారు. నీది నీకు తిరిగి తెస్తే తప్పేముంది?"

మామ్మ ఆమెకేసి చూసింది. వేలితో కాస్త తీసి నాలిక మీద వేసుకుంది.

"అమ్మదే. చివర పులుపు ఎక్కువైంది."

"ఇన్నాళ్ళూ నా దగ్గర పెరిగింది మరి. నా నోరు నీకు తెలియనిదా?"

ఆ పిడత తెల్లారేసరికి మనవరాలి ఒళ్ళో ఉంది.

కొన్నేళ్ళకి మామ్మ పోయింది. ఇత్తడి గరిటె కొడుక్కి వచ్చింది, ఉట్టి కోడలికి. పట్టుచీర ఎదురింటావిడకి, ఆవిడ అది కట్టుకుని, రంగు బాగాలేదని వీధంతా చెప్పింది. తోడు మనవరాలిది, కానీ అప్పటికే అది ఆమె అత్తారి ఊళ్ళో అడిగిన ప్రతి గడపకీ చేరిపోయింది.

చలువకొట్టు ఆయనకి ఏమీ రాలేదు. కుండ ఇప్పటికీ ఆయన దగ్గరే, చల్లగా, పులవకుండా ఉంది. ఆ గొంతుతో ఎవరైనా వచ్చి అడిగితే ఇచ్చేద్దామని రోజూ సాయంత్రం తలుపు దగ్గర కూర్చుంటాడు.