కాయపురిలో పసుపు దారం

అనగనగా, మన చర్మానికి కాస్త లోపలే, కాయపురి అనే కోట ఒకటి ఉండేది.

ఆ కోటలో ప్రతి ఇంటికీ ఒక లోగది, ఆ గదిలో చుట్టగా చుట్టిన పసుపు దారం. ఇల్లు ఎలా నడవాలో ఆ దారం ముడులే చెప్పేవి. దాన్ని గడప దాటించకూడదని ఆచారం. పాత ఇల్లు కూలితే ఊడ్చేవాళ్లు వచ్చి, దారంతో సహా అంతా ఎత్తేసేవారు. అందుకే గోడల మీదే పెరిగిన కావలి సైనికులు ఆ దారాన్ని ఎన్నడూ చూడలేదు.

సైన్యానికి పెద్ద చండకేతు. శత్రువు మీద గుర్తు వేయడం ముద్రగుప్తుడి పని. గుర్తు పడినదాన్ని కాల్చడం సైనికుల పని. తొందరపడిన సైనికుడి చెయ్యి పట్టుకుని ఆపడం నిదానమ్మ పని. ఆ పనికి ఎవరూ దండలు వేయరు.

ఒక ఏడు ఎండ మండిపోయింది. ముందు వీధి ఇళ్లు వరసగా కూలాయి. ఊడ్చేవాళ్లు అందుకోలేకపోయారు. దారాలు వీధిన పడ్డాయి.

"ఇదేమిటి? ఇలాంటిది మన కోటలో నేనెప్పుడూ చూడలేదే!" అన్నాడు ముద్రగుప్తుడు. చూడనిది కనుక శత్రువుదే అనుకున్నాడు. ఆ దారానికి అంటుకునే జిగురు ముద్రలు చేసి కోటంతా చల్లించాడు.

మొదట ముందు వీధికి రెండు పక్కలా మంటలు లేచాయి. కోట ముఖమంతా ఎర్రబడింది.

"ఆగండయ్యా, లోపల ఉన్నది మనవాళ్లే!" అంది నిదానమ్మ.

"నీ మాట విని ఆగితే శత్రువు భోంచేసి, తాంబూలం కూడా పుచ్చుకుని పోతాడు" అని చండకేతు నవ్వాడు.

తర్వాత కీళ్ల వీధి. వంతెనలు ఎత్తే కీళ్లన్నీ వాచి బిగుసుకుపోయాయి. నిదానమ్మ సైనికుల చేతులు పట్టుకుంది, విదిలించేశారు. ఇల్లు కాలిన కొద్దీ కొత్త దారాలు బయటపడుతున్నాయి. దారాలు పడిన కొద్దీ ముద్రలు పెరుగుతున్నాయి. ఇక ఇది దానంతటది ఆగదని ఆమెకు అర్థమైంది.

మూడోది జల్లెడ మేడ. కోట నీళ్లన్నీ అక్కడే వడపోయాలి. అది కాలితే కోట తన మురికిలోనే మునిగి చస్తుంది. అప్పటికే జల్లెడ కన్నాల్లో ముద్రలు అడ్డుపడ్డాయి, కొన్ని జల్లెడలు కాలిపోయాయి కూడా.

"నాయనా, మీరు తాగే నీళ్లు మేం వడపోసినవేరా!" అని లోపలినుంచి ఎవరో అరిచారు.

నిదానమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో ముసలమ్మా. లోపల ముద్ర పడింది" అన్నాడు సైనికుల ముందు కాగడాతో వచ్చిన చండకేతు.

"దేని మీద?"

"పసుపు దారం మీద."

నిదానమ్మ చాకు తీసి, పుట్టినప్పుడు తన జబ్బకు కట్టిన తాయెత్తును కోసింది. దాన్ని విప్పకూడదని కాయపురి నియమం. లోపల ఏముందో ఆమెకూ తెలియదు, అనుమానమే. పసుపు దారం జారి పడింది. గాలిలోని ముద్రలు క్షణంలో దానికి అంటుకున్నాయి.

కాగడాలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"కాల్చండి. కాల్చాక నీ తాయెత్తు కూడా విప్పు, చండకేతూ" అంది నిదానమ్మ.

ఎవరూ కదల్లేదు. "దొరా, తాయెత్తు మనందరికీ ఉంది కదా..." అని ఒక సైనికుడు గొణిగాడు.

చండకేతు తన తాయెత్తు కోశాడు. అదే దారం. అదే ముద్ర. చేతిలో కాగడా తన ముఖానికి ఎంత దగ్గరగా ఉందో అప్పుడే చూసుకున్నట్టు, నెమ్మదిగా నేలకు దించాడు.

కాలిన జల్లెడలు మళ్లీ మొలవలేదు. మిగిలినవాటితోనే కోట బతికింది. ఊడ్చేవాళ్లకు తోడు మనుషులు వచ్చారు. గోడ బయట అసలు దొంగలు ఉండనే ఉన్నారు కనుక సైన్యాన్ని రద్దు చేయలేదు. పాత ముద్రలు గాలిలో ఇంకా తిరుగుతున్నాయి కనుక ప్రతి కాగడా పక్కనా నిదానమ్మ మనిషి ఒకరు నిలబడ్డారు.

నీతి: మనవాళ్లెవరో తెలుసుకోకుండా ఆయుధం ఎత్తే బలం, కాపాడవలసిన ఇంటినే కాలుస్తుంది.