వాహనబ్రహ్మకు పొయ్యి పక్కన పీట

జమీందారీలు రద్దయి ఎన్నో ఏళ్లయింది. ఏనుగుమెట్ట రాజావారికి మాత్రం ఆ కబురు ఇంకా సరిగా అందలేదు. దర్బారు ఉంది, బిరుదులు ఉన్నాయి, పోయిన ఏనుగు స్థానంలో ఈ ఏడు కొత్త టర్బో కారు కూడా వచ్చింది.

దసరానాడు రాజావారి కారూ, తాటిమెట్ట దొరగారి కారూ దుర్గం కొండ మీదికి పోటీపడి ఎక్కడం అక్కడి ఆచారం. జమ్మిపూజ అయ్యేదాకా ఓడినవారు గెలిచినవారికి గొడుగు పట్టాలి. నిరుడు ముసలి కారుతో వెళ్లి మన రాజావారే పట్టారు. మబ్బు పట్టినా సరే, తాటిమెట్ట దొర గొడుగు దించనివ్వలేదు. ఆ అవమానం రాజావారికి ఇప్పటికీ మింగుడుపడలేదు.

కొత్త కారైతే కొన్నారు గానీ, దానికి అలంకారం వద్దూ? పట్నం నుంచి చక్రధరాన్ని పిలిపించారు. 'వాహనబ్రహ్మ' అని తనకు తానే బిరుదిచ్చుకున్న మహానుభావుడు. వస్తూనే బానెట్ ఎత్తి ముక్కు చిట్లించాడు.

"ఎయిర్ ఫిల్టరు ఈ నల్ల పెట్టెలో, ముందు జాలీ వెనక, దొంగలా దాక్కుందేమిటి ప్రభూ? రాజుగారి కారుకి ఇంత బిడియమా?"

ఆ పెట్టె పీకి పారేశాడు. ధగధగలాడే కొత్త ఫిల్టరు తెచ్చి, బానెట్ ఎత్తగానే కనపడేలా సరిగ్గా టర్బో పక్కన బిగించాడు. గొట్టం తిన్నగా పోతే అందమేముందని దానికి నాలుగు వంపులు తిప్పి, వెండి పూత పూయించాడు. స్టార్ట్ చేస్తే కారు తాచుపాములా బుసకొట్టింది. రాజావారు మురిసి ముక్కలయ్యారు.

పోటీకి ముందు ఓసారి కొండెక్కించి చూస్తే తెలిసింది సంగతి. మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండోదానికి రొప్పింది. మూడోదాని దగ్గర ఎడ్లబండివాడొకడు పక్కనుంచి దాటిపోతూ, "దొరా, తాడు కట్టమంటారేటి?" అని అడిగాడు.

దర్బారులో చక్రధరం తొణకలేదు. "కారుకేం లోపం లేదు ప్రభూ. డ్రైవరుకి చెయ్యి తిరగలేదు."

వంటశాల పెత్తందారు అప్పలనరసయ్య తాంబూలం పళ్లెంతో అక్కడే ఉన్నాడు. నోరు మూసుకుంటే పోయేది. ఆ యోగం అతని జాతకంలో లేదు.

"డ్రైవరు తప్పేటీ నేదు దొరా. ఫిల్టరుని తీసుకెళ్లి పొయ్యి పక్కన కూకోబెట్టారు. టర్బో సెగకి కాగిన గాలే అది పీలుస్తంది. కాగిన గాలి పల్చన. ఎంత పీల్చినా ఇంజనుకి కడుపు నిండదు. పాత పెట్టెయితే ముందునుంచి చల్లగాలి తాగేది."

చక్రధరం పకపకా నవ్వాడు. "గరిటె తిప్పేవాడు కూడా కారు గురించి చెప్పేవాడే! గాలి ఎక్కడిదైనా గాలే."

రాజావారికి ఆ బుస మీద మోజు ఇంకా తీరలేదు. కళ్లెర్రజేశారు. "ఎల్లుండే దసరా. రేపు భోజనాల వేళకి బ్రహ్మగారికి శాలువా కప్పుతున్నాం. ఆలోగా నీ మాట నిజమని చూపించు. లేకపోతే నీకు గరిటె లేదు, గొడ్లచావిడిలో పేడతట్టే!"

"చిత్తం దొరా. బ్రహ్మగారికి రేపు శాలువా కప్పుతారు గదా, ఆ ఏర్పాటు నాకొదిలీండి."

ఏనుగుమెట్టలో శాలువా ఊరికే కప్పరు. కప్పించుకునేవాడు రాజావారి బిరుదులన్నీ ఒక్క ఊపిరిలో చదవాలి. అవి బారెడు. చక్రధరం అద్దం ముందు నిలబడి బాగా సాధన చేశాడు.

మర్నాడు చూస్తే ఏర్పాటు వంటశాలలో ఉంది. రెండు గాడిపొయ్యిల మధ్య ముగ్గు, దాని మీద వెండిపీట. ఒక పక్క గారెలు వేగుతున్నాయి, ఇంకో పక్క పోపు మూకుడు. పీట దగ్గరికి తిన్నగా దారి లేదు. బియ్యం బస్తాలూ, నీళ్ల కాగులూ చుట్టి నాలుగు వంపులు తిరిగి రావాలి. రాజావారూ సభవారూ చల్లగా వసారాలో కూర్చున్నారు.

"ఇక్కడా?" అన్నాడు చక్రధరం, వంపులు తిరిగొచ్చి చెమట తుడుచుకుంటూ.

"అందరికీ కనపడాల గదండీ! తమరు నేర్పిన పద్ధతే."

చక్రధరం గొంతు సవరించుకున్నాడు. "శ్రీమత్ సకలరిపు భయంకర, శరణాగత రక్షక, గిరిదుర్గ గండభే..."

బల్లిని చూస్తే రాజావారు మంచమెక్కుతారు, అది వేరే సంగతి. సరిగ్గా అప్పుడే అప్పలనరసయ్య నూనెలో గుప్పెడు ఎండుమిరపకాయలు వేశాడు. బ్రహ్మగారు దగ్గారు. మళ్లీ మొదలెట్టారు. ఈసారి శరణాగతుడి దగ్గరే ఆగిపోయారు. మూడోసారి నోరు తెరిచి, బస్తాల మీంచి దూకి వసారాలో పడ్డారు.

"ఊపిరాడటం లేదు! చల్లగాలి! కాస్త చల్లగాలి!"

అప్పలనరసయ్య చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు:

"అదేటండీ, గాలి ఎక్కడిదైనా గాలే గదా!"

ముందు రాజావారి పొట్ట కదిలింది. తరువాత సభంతా గొల్లుమంది.

"తమరు కూకుని నాలుగు ముక్కలు చదవనేకపోనారు. పాపం ఆ కారు అలాటి సోట కూకుని, రాజావారిని మోసుకుని కొండెక్కాలి గదండీ!"

"ఆ నల్ల పెట్టె ఎక్కడుందిరా?" అని రాజావారు కేకేశారు. డ్రైవరు దాన్ని కోళ్లగూటి మీదనుంచి పట్టుకొచ్చాడు. భోజనాలయ్యేలోపు పెట్టె ముందు జాలీ వెనక కూర్చుంది, వంకర లేని గొట్టం వచ్చింది. తాంబూలాలు నములుతుండగా దుర్గం కొండ మీదనుంచి హారన్ మోగింది. మూడు మలుపులూ దాటి, కారు పైకెక్కి కూతపెడుతోంది!

"రేపు తాటిమెట్టవాడే గొడుగు పడతాడు!" అని రాజావారు తొడ చరిచారు. "బ్రహ్మగారిని అప్పుడే పంపకండి. ఆ దొరకి చెయ్యి నొప్పెడితే గొడుగు మార్చుకోడానికి మనిషి కావాలి. అప్పలనరసయ్యా, శాలువా నీది. ఏదీ, బిరుదులు చదువు!"

అప్పలనరసయ్య తిన్నగా వెళ్లి, కొండవైపు కిటికీ బార్లా తెరిచి, ముక్కు బయటపెట్టి నిండా ఊపిరి తీసుకున్నాడు. ఒక్క బిరుదైనా పలక్కముందే రాజావారు పగలబడి నవ్వుతూ లేచొచ్చి అతనికి శాలువా కప్పేశారు.