ఏ రోజు రవ్వ ఆ రోజే

లక్ష్మీపతి మాస్టారు పెద్దవారయ్యాక, మృదంగంలో కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పే పని శిష్యుడు గోపీకృష్ణకు అప్పగించారు. గోపీ చెయ్యి మంచిది. ఓపికే కాస్త తక్కువ.

ఆ పిల్లల్లో హిమజ ఒకతి. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. పాఠం మధ్యలో వీధిలో సైకిల్ బెల్లు మోగితే చూపు అటే పోతుంది. నిన్న చక్కగా వాయించిన "త ధి తొం నం" ఇవాళ అడిగితే నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు చూస్తూ కోపం తెచ్చుకోవడం ఎవరికైనా కష్టమే. గోపీ తెచ్చుకునేవాడు.

ఓ సాయంత్రం పాఠం కాగానే మాస్టారి ముందు కూర్చున్నాడు.

"ఆ పిల్లకి రాదండీ గురువుగారూ. రోజూ మళ్లీ మొదటికే. చిల్లికుండలో నీళ్లు పోసినట్టుంది. రేపట్నుంచి తీసుకురావద్దని వాళ్లమ్మకి చెప్పేస్తాను. మీరు ఊఁ అంటే చాలు."

వాళ్లమ్మ సరోజ కూతుర్ని పక్కన పెట్టుకుని వీధరుగు మీదే ఉంది. మాట వినపడింది. లేచి చెప్పులేసుకుంది.

మాస్టారు ఊఁ అనలేదు. ఆ రోజు ఇంకా ఎవరూ ముట్టని తన మృదంగం ముందుకు జరిపారు.

"నీ వాయింపు విని చాన్నాళ్లయిందిరా. ఏదీ, కానీ."

గోపీ చుట్టూ వెతికాడు. ఎడమవైపు తోలుకి తడి రవ్వ ముద్ద అద్దందే ఆ వైపు పలకదు.

"రవ్వేదండీ?"

"ఎందుకూ? నిన్న పెట్టావుగా."

"అది నిన్ననే గీకేశానండీ. ఏ రోజుది ఆ రోజు పెట్టుకోవాల్సిందే కదా."

"ఇన్నేళ్లు పెట్టావు, ఇంకా దానికి అలవాటు కాలేదూ? సర్లే, అలాగే వాయించు."

వాయించాడు. కుడివైపు గణగణలాడింది. ఎడమవైపు ఖాళీ డబ్బాలా టపటపమంది.

"పనికొచ్చేట్టు లేదురా. ఎవరికైనా ఇచ్చేద్దామా?" అన్నారు మాస్టారు.

గోపీ అరుగు వైపు చూశాడు. తల వంచుకుని లోపలికెళ్లి గిన్నెలో రవ్వ తడిపి తెచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"హిమజా, ఇలా రామ్మా. ఇది నువ్వు పెడుదువుగాని."

హిమజ పరుగున వచ్చింది. రవ్వ ముద్దని తోలు మధ్యలో పెట్టి, వేళ్లతో నెమ్మదిగా అద్దింది. ఇంతలో వీధిలో బెల్లు మోగింది. తలెత్తి అటు చూసింది.

గోపీ ఆ చూపు తిరిగి వచ్చేదాకా ఆగి, ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని మృదంగం మీద పెట్టాడు.

"మొదట్నుంచీ చెప్పుకుందాం. సరేనా?"

హిమజ నవ్వి కొట్టింది. 'తొం' అని నిండుగా పలికింది.

అరుగు మీద సరోజ చెప్పులు విడిచి, మళ్లీ కూర్చుంది.