నీడ కోరని నేల

విరూపాక్షయ్య గారు ఏ ప్రశ్నకూ కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. అడిగినవారిని వెంటబెట్టుకుని మఠం వెనుక ఉన్న గడ్డి బీడులోకి నడిచేవారు. అంత దూరం నడిచాక కొందరికి తాము అడిగింది గుర్తుండేది కాదు. కొందరికి జవాబుతో పని ఉండేది కాదు. మిగిలిన కొద్దిమందికి మాత్రం ఆయన ఒక మాట చెప్పేవారు. ఆ మాట ఆ పూటకు అర్థం కాకపోయినా ఏళ్ల తరబడి మనసులో మెదులుతూ ఉండేది.

ఆ మఠం కర్నూలు సీమలో కొలిమిచర్ల అనే ఊరి పొలిమేరలో ఉంది. దాని కింద మూడు వందల ఎకరాల బీడు ఉంది. పూర్వం చుట్టుపక్కల ఊళ్ల బీళ్లన్నీ దానితో కలిసి, ఆకాశం వంగి నేలను తాకేదాకా ఒకటే గడ్డిగా పరచుకుని ఉండేవట. ఇప్పుడు తూర్పున పత్తి వచ్చింది. ఉత్తరాన బోర్ల కింద ఉల్లి వచ్చింది. పడమట ఎండను కరెంటుగా మార్చే నల్లని పలకలు వరుసలు తీరి నిలిచాయి. మఠం బీడు ఒక్కటే పాతదిగా మిగిలింది. గాలి వీచినప్పుడు ఆ గడ్డి అంతా ఒక్కసారిగా వాలి, మళ్లీ ఒక్కసారిగా లేచేది. ఏదో పెద్ద ప్రాణి అక్కడ పడుకుని నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉండేది.

ఆయన శిష్యుడు చెన్నవీరయ్య నలభై ఏళ్లు దాటినవాడు, వ్యవసాయ శాస్త్రం చదివినవాడు. మఠం భూముల బాధ్యత అతని మీదే ఉంది. ఆషాఢంలో ఒక ఉదయం అతను గురువు గారి ముందు నిలబడి, ఎన్నో రోజులుగా లోపల నలుగుతున్న ప్రశ్నను బయటపెట్టాడు.

“స్వామీ, ఏమీ లేని నేలను ఏమని చెప్పి కాపాడుకోవాలి?”

ఆ ప్రశ్నకు కారణం ఉంది. బీడును కూడా పలకల వాళ్లకు కౌలుకిమ్మని ఊరి పెద్దలు వచ్చి అడిగి వెళ్లారు. పదిమంది కుర్రవాళ్లకు పని దొరుకుతుందని, కురుస్తున్న మఠం పైకప్పు బాగుపడుతుందని వారు చెప్పిన మాటల్లో అబద్ధమేమీ లేదు. వారు తెచ్చిన దరఖాస్తులో ఆ నేలను ‘నిరుపయోగమైన బంజరు’ అని రాసి ఉంది. అది కాదనుకుంటే, ఆ నేల ప్రయోజనం ఏమిటో అందులోనే రాసి వారం లోపల పంపాలి. వారిలో పెద్దవాడైన ఓబుళరెడ్డి వెళుతూ వెళుతూ, గాలిని మేపడానికి మూడు వందల ఎకరాలు ఎందుకు సామీ అని నవ్వాడు.

నిజానికి ఇలాంటి రోజు ఒకటి వస్తుందని అతను నిరుడే ఊహించాడు. అందుకే శివపూజకని మొక్కుకుని, గురువు గారితో కూడా చెప్పకుండా, బీడు నడుమ నూట ఎనిమిది మారేడు మొక్కలు నాటించాడు. ఒక్కొక్క మొక్కకూ ముళ్లకంప చుట్టించి, ఆసరాగా నిలువెత్తు వెదురుకర్ర పాతించాడు. వేసవి అంతా కావడితో నీళ్లు మోశాడు. మారేడు వనం ఉన్న చోటును ఎవరు మాత్రం ఖాళీ అనగలరు? పైగా నీడనివ్వడం కంటే పుణ్యం మరొకటి ఉందని అతను ఎక్కడా వినలేదు.

విరూపాక్షయ్య గారు శిష్యుడి ప్రశ్న విన్నారు. చేతికర్ర అందుకుని నడక సాగించారు.

బీడు మొదట్లో సరిహద్దు రాయి ఉంది. దానికి పచ్చి ఉన్ని పోగు ఒకటి కట్టి ఉంది. తొలకరి పడ్డ నాటి నుంచి గడ్డి గింజ రాల్చేదాకా ఒక్క గొర్రె కూడా ఆ రాయి దాటదు. గొర్రెలు కాసే కురువల్లో ఆ నియమాన్ని ‘కట్టు’ అంటారు. దానికి కాపలా లేదు, జరిమానా లేదు, ఆ ఉన్ని పోగే చాలు. రాయికి ఇవతల డెబ్భై ఏళ్ల ఈరమ్మ తన ముప్పై గొర్రెలను బాట పక్కన మేపుకుంటూ ఉంది. రెండడుగుల అవతల మోకాలి ఎత్తు పచ్చిక ఉంది. గొర్రెల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. అవి గడ్డి వైపు చూస్తున్నాయి గాని కదలడం లేదు.

“ఈరమ్మా, మా చెన్నవీరయ్యకు ఈ బీడులో ఏమీ కనిపించడం లేదట. నువ్వు కాస్త చూపించు,” అన్నారు గురువు గారు.

“కండ్లద్దాలు పెట్టుకున్నాడు గదా సామీ,” అంది ఈరమ్మ. “ఇంగా కనపడలేదా?”

ఆమె గొర్రెలను అక్కడే వదిలి, చెప్పులు విడిచి, గడ్డిలోకి దారి తీసింది. పోతూ పోతూ ఒక్కొక్క గడ్డినీ పేరు పెట్టి పలకరించింది. ఇది చెంగలి, ఇది బోద, ఇది ఈనిన గొర్రెకు పాలు పట్టించేది, ఇది కరువులో కూడా వేరు చావనిది, ఇది వాన రేపు వస్తుందనగా వాసన వేసేది. అన్ని గడ్డి జాతులు ఉంటాయని చదువుకున్న చెన్నవీరయ్యకు తెలుసు. అయితే అవన్నీ తన కాళ్ల కిందే ఉన్నాయని అతనికి ఆనాడే తెలిసింది. కొంతదూరం పోయాక ఆమె చెయ్యెత్తి ఇద్దరినీ కూర్చోమని సైగ చేసింది.

వారు కూర్చున్నారు. మబ్బు నీడ ఒకటి వారి మీదుగా మెల్లగా జారిపోయింది. అప్పుడు, కలలో తలుపు దానంతట అదే తెరుచుకున్నట్టు, గడ్డి రెండుగా విడి ఒక పక్షి నడిచి వచ్చింది. నడుమెత్తు ఉంది. తెల్లని పొడుగాటి మెడ, నెత్తిన నల్లని టోపీ. పెళ్లింట్లోకి పెద్దముత్తైదువ అడుగుపెట్టినట్టు, తొందర లేకుండా, నేలను చూసుకుంటూ వచ్చింది. అది బట్టమేక పిట్ట. ఆ సీమ మొత్తం మీద అలాంటివి ఎన్ని మిగిలాయో చెప్పగలవారు లేరు.

పక్షి ఆగింది. మెడ నిక్కించి మారేడు వరుసల వైపు చూసింది. ఒక వెదురుకర్ర మీద కాకి ఉంది. నాలుగు కర్రల అవతల మరొకటి ఉంది. పక్షి చాలాసేపు అలాగే నిలబడింది. ఆపైన వెనుదిరిగి, బరువుగా రెక్కలెత్తి, పలకల మీదుగా ఎటో వెళ్లిపోయింది.

నాలుగు దినాలుగా ఇదే తంతు అని ఈరమ్మ మెల్లగా చెప్పింది. ఆ పిట్ట ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు. గూడు కట్టదు, చెట్టెక్కదు. వట్టి నేల మీద గుడ్డు పెట్టి, తలెత్తి నాలుగు దిక్కులూ చూసుకుంటుంది. కనుచూపుకు అడ్డం లేకపోవడమే దానికి ఇల్లు, వాకిలి. నిరుడు కూడా వచ్చింది. గుడ్డు పెట్టింది. పొద్దెక్కక ముందే కర్ర మీది కాకి దిగి ఆ గుడ్డును పొడిచి తినేసింది. ఈ వానలు దాటితే మళ్లీ ఏడాది దాకా పెట్టదు. అసలు మళ్లీ వస్తుందో రాదో.

ఆనాడే తనకెందుకు చెప్పలేదని చెన్నవీరయ్య అడిగాడు.

“సామి చెట్లు గదా నాయనా, మారేడు! కాకులకు మేడలు కట్టిచ్చినావని నీ మొగం మీద ఎట్లంటా?” అంది ఈరమ్మ. అని, అననే అన్నానని గ్రహించి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెన్నవీరయ్య గురువు గారి వైపు తిరిగాడు. మారేడును పెరకడం మహాపాపమని, పైగా అవి మొక్కుకుని పెట్టినవని, ఏం చేయమంటారని అడిగాడు.

“పెట్టేటప్పుడు నన్ను అడిగావా?”

“లేదు, స్వామీ.”

“మరి తీసేటప్పుడు అడుగుతావెందుకు?” అని ఆయన లేచి మఠం వైపు నడిచారు.

చెన్నవీరయ్య ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాడు. కూలీలను పిలవలేదు. మూడు రోజులు ముళ్లకంప లాగాడు, కర్రలు పెరికాడు, మొక్కల చుట్టూ మన్ను తవ్వాడు. అరచేతులు పగిలాయి. వేర్లకు మన్ను అంటిపెట్టుకుని వచ్చిన పదకొండు మొక్కలను మఠం పెరట్లో నాటాడు. తక్కినవి నిలవలేదు. వాటి ఆకులన్నీ దూసి, తట్టల కొద్దీ శివుడికి సమర్పించాడు. ఆ పూజలో అతని పెదవులు మంత్రం పలికాయి గాని, మనసు క్షమాపణ అడుగుతూనే ఉంది. అటుగా వచ్చిన ఓబుళరెడ్డి, ఉన్న నాలుగు మొక్కలూ పీకేస్తే ఇప్పుడిక నిజంగానే ఏమీ లేదు గదా సామీ అన్నాడు. ఈసారి చెన్నవీరయ్య బదులు కోసం వెతుక్కోలేదు.

ఆ సాయంకాలం దరఖాస్తు ముందు పెట్టుకుని, ‘ప్రయోజనం’ అన్న చోట ఈరమ్మ చెప్పిన గడ్డి పేర్లన్నీ వరసగా రాశాడు. చోటు చాలక కాగితం వెనక్కి తిప్పాడు. ఆ కాగితం ఎంతకాలం ఆ నేలకు అండగా నిలుస్తుందో అతనికి తెలియదు.

ఎనిమిదో నాటి ఉదయం సన్నని జల్లు కురిసి వెలిసింది. ముగ్గురూ సరిహద్దు రాయి దగ్గర కూర్చుని ఉన్నారు. బీడు మీద పొగలాంటి తడి లేస్తోంది. ఆ తడిలోంచి తెల్లని మెడ ఒకటి ముందు కనిపించింది, ఆ తర్వాత పక్షి కనిపించింది. అది మారేడు వరుసలు ఉండిన చోటికి నడిచి వచ్చింది. తూర్పు చూసింది, ఉత్తరం చూసింది, పడమర చూసింది. వారు కూర్చున్న వైపు మాత్రం అన్నింటికంటే ఎక్కువసేపు చూసింది. ఆ తర్వాత కాళ్లు మడిచి, నెమ్మదిగా, తడి నేల మీదికి ఒదిగింది. ఈరమ్మ చప్పుడు చేయకుండా తన గొర్రెలను మరింత వెనక్కి మళ్లించింది.

చెన్నవీరయ్య గురువు గారి చెవిలో అడిగాడు.

“ఇక్కడే ఉంటుందా, స్వామీ?”

విరూపాక్షయ్య గారు ఆ పక్షి వైపే చూశారు.

“అది కూడా మనల్ని అదే అడుగుతోంది, నాయనా,” అన్నారు.