తోడికోడలి ఆది జాకెట్టు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన పళ్ళు ఈ పూటే రాలిపోవాలి. చూసినవాళ్ళు నిడదవోలు నిండా ఉన్నారు. చూడనివాళ్ళయితే చూసినవాళ్ళకంటే బాగా చెబుతారు. కాబట్టి అనుమానం పెట్టుకోకండి.

నిడదవోలు కాలవ గట్టున భాగవతం చెప్పే భ్రమరాంబమ్మగారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పదు. ఏదో ఒక పని అప్పజెప్పి పంపేస్తుంది. మొగుడు మాట వినడం లేదని ఏడుస్తూ వచ్చినావిడ ముందు కొండంత చింతపండు పోయించి, ఈనెలు తియ్యమంది. పని పూర్తయ్యేసరికి ఆవిడ మొగుడి మాట అటుంచి మొగుడి పేరే మరిచిపోయింది. అలాంటి అమ్మగారి దగ్గరికి ఒక మధ్యాహ్నం శిష్యురాలు వకుళ టీచరు వచ్చి కూర్చుంది.

వకుళ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి చెప్పి అప్పుడే రిటైరైంది. పెన్షను లేదు. అన్నేళ్ళు సుద్దముక్కల పొడి మింగినందుకు పీఎఫ్ సొమ్ము ఒక్క ముద్దగా చేతికొచ్చింది. అద్దె ఇల్లు, ప్రింటింగు ప్రెస్సు మూతపడి ఇంట్లో కూర్చున్న భర్త, ఆయన షుగరు మందులు, అన్నీ ఇకమీదట ఆ ముద్దలోంచే నడవాలి. అది పోతే మరొకటి రాదు. ఆ సంగతి వకుళకు తెలియక కాదు. కానీ తోడికోడలు ఇందుమతి తప్ప ఆమె కళ్ళకు మరేదీ ఆనడం మానేసి చాలాకాలమైంది.

ఇందుమతి మొగుడికి బియ్యం మిల్లుంది. ఆవిడ సరదాకి బైపాసు పక్కన ప్లాటు కొంది. ధర పెరిగిందట. ఎంత పెరిగిందో నోటితో చెప్పదు, కొత్త గాజుల చేత్తో జుట్టు సర్దుకుంటుంది, అంతే. ఆ గాజులు గలగలమంటే చాలు, వకుళ కడుపులో ఎవరో వరసబెట్టి అప్పడాలు కాలుస్తున్నట్టుండేది. ఆ సెగ మీద ఊరందరికీ వండి వడ్డించినా ఇంకో ఊరికి మిగిలేది.

"అమ్మగారూ, ఈ డబ్బు ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగింది వకుళ.

"నెలకు నీ ఇంటి ఖర్చెంతే?"

"ఇందుమతి ప్లాటు ధర మూడింతలైందటండీ."

"మీ ఆయన మందులకెంత అవుతుంది?"

"ఇందుమతి ప్లాటు పక్కనే ఇంకోటుందండీ. ఈశాన్యం మూల. దాని కన్నా జానెడు పెద్దది కూడాను."

"నీ సంగతి అడుగుతున్నానే తల్లీ."

"నా సంగతే చెబుతున్నానండీ," అంది వకుళ, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ప్లాట్లమ్మే కొండబాబుని మీ భాగవత సప్తాహం ముగిసేనాడు ఇక్కడికే రమ్మన్నాను. మీరు సరేనంటే ఇందుమతి కళ్ళెదుటే చెక్కు రాసిచ్చేస్తాను. ఉన్న సొమ్ము మొత్తానికీ."

అమ్మగారు సరే అనలేదు, వద్దనీ అనలేదు. సప్తాహం చివరిరోజు హారతి పళ్ళేలు పట్టే ఇద్దరాడవాళ్ళకీ ముందుగా జాకెట్టు గుడ్డలివ్వడం అక్కడి ఆనవాయితీ. పట్టు తాను తెప్పించి రెండు ముక్కలు చింపించింది. ఒకటి ఇందుమతికి పంపి, రెండోది వకుళ చేతిలో పెట్టింది.

"చక్కగా కుట్టించుకుని, ఇదే వేసుకుని రా. ఈసారి హారతి మీ తోడికోడళ్ళిద్దరిదీ."

డబ్బు గురించి అడిగితే గుడ్డముక్క చేతిలో పడిందే అని మరొకరైతే చిన్నబుచ్చుకునేవారు. వకుళకు ఆ ధ్యాసే లేదు. ఇద్దరిదీ ఒకే గుడ్డ అనగానే ఆమె మనసు ఇందుమతి వీపు మీదికి పోయింది. ఇందుమతి జాకెట్టు ఒంటికి కాగితం అతికించినట్టు కూర్చుంటుంది. ఆ వెనక మెడా, ఆ ముడీ, ఆ కుచ్చులూ చూసి పేరంటాల్లో ముత్తయిదువులు తాంబూలం తీసుకోవడం మరిచిపోయేవారు. ఎవరు కుడుతున్నారో కనుక్కుని, అదే పూట వకుళ సుభానీ కొట్టుకు నడిచింది.

సుభానీ చిన్నప్పుడు వకుళ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు. ఆమె బెత్తం దెబ్బ రుచి ఎరిగినవాడు. ఆమెను చూడగానే మిషను మీంచి లేచి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఆది తెచ్చారా టీచరుగారూ?"

మన వైపు దర్జీలు టేపు పట్టుకుని ఒళ్ళు కొలవరు కదా. ఒంటికి సరిపోయిన పాత జాకెట్టొకటి ఇస్తాం, అదే ఆది. అదెలా ఉంటే కొత్తదీ అలాగే వస్తుంది.

"నా ఆది ఎందుకయ్యా? ఇందుమతిది నీ దగ్గరే ఉందిగా. దాని కొలతకే కుట్టు."

సుభానీ ఆమెను కిందనుంచి పైదాకా చూసి, చూసినందుకు భయపడి తల దించుకున్నాడు. ఇందుమతి వేలెడంత మనిషి, దూరంనుంచి చూస్తే చీర ఒక్కటే నడిచొస్తున్నట్టుంటుంది. వకుళ నల్లబల్ల నిండా లెక్కలు చేసి చేసి భుజాలు వస్తాదులా పెంచిన మనిషి.

"ఆవిడ ఆది ఆవిడకండీ..."

"ఆవిడకి నప్పింది నాకెందుకు నప్పదోయ్? నేనేం తీసిపోయానా?"

"అయ్యో, అలా అనలేదండీ. పోనీ, లోపల కాస్త గుడ్డ వదిలి కుట్టనా? బిగుతైతే కుట్లు విప్పుకోవచ్చు."

"ఆవిడ దాంట్లో వదిలావా?"

"లేదండీ. ఆవిడకి అక్కర్లేదు."

"మరి నాకెందుకు? కత్తిరించి పారెయ్. ఒక్క కుట్టు తేడా వచ్చిందా, నీ వీపు మీద ఎక్కం రాయిస్తాను."

సుభానీ పైనున్న దేవుణ్ణి తలుచుకుని కత్తెర పట్టాడు.

ముగింపు రోజు రానే వచ్చింది. ఆ జాకెట్టు తొడుక్కోవడానికి వకుళ పడిన అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. పౌడరు డబ్బా ఒకటి ఖాళీ అయింది. పాపం ఆమె భర్త ఒక చెయ్యి పట్టుకుని లాగితే, ఎదురింటావిడ రెండో చెయ్యి దూర్చింది. తీరా వేసుకున్నాక ఊపిరి సగమే లోపలికి పోయింది. "సగం చాల్లే," అనుకుంది వకుళ. పమిట కప్పుకుని, చేతులు చెక్కబొమ్మలా పెట్టుకుని, కాలవ గట్టుకు చేరింది. గేటు దగ్గర కొండబాబు బండి ఆపుకుని కాగితాలతో సిద్ధంగా ఉన్నాడు. ఆమె సంచిలో చెక్కుబుక్కు ఉంది.

ఇందుమతి ఎదురొచ్చి, వెనక ముడి చూసి ఆగిపోయింది. "అక్కయ్యా! అచ్చం నాలాగే కుట్టించారే!"

ఆ మాటకు వకుళ కడుపులో అప్పడాల పొయ్యి చప్పున ఆరింది. ఎన్నేళ్ళకో! బిగువు కూడా హాయిగానే అనిపించింది. భజన మొదలైంది, గంటలు మోగాయి, తోడికోడళ్ళిద్దరూ పళ్ళేలు అందుకున్నారు. ఇందుమతి తనది సునాయాసంగా తలపైకి ఎత్తింది. ఆమెకంటే ఒక బెత్తెడు పైకి ఎత్తాలని వకుళ చేతులు చాచింది.

ఆ చిరిగిన చప్పుడుకు కాలవలో బాతులన్నీ ఒడ్డెక్కాయి. స్టేషన్లో కదలబోతున్న పాసింజరు ఆగి, ఎవరు ఆపారా అని వెనక్కి చూసింది. చంకనుంచి వీపు దాకా పట్టు రెండుగా విడిపోయింది. పళ్ళెం కింద పడకుండా అమ్మగారు ఒక చేత్తో అందుకుని, రెండో చేత్తో తన శాలువా తీసి వకుళకు కప్పి, పక్కగదిలోకి నడిపించుకుపోయింది.

అక్కడ గోడకు ఆనుకుని వకుళ వెక్కి వెక్కి ఏడ్చింది. సిగ్గుకంటే ఆమెను ఎక్కువ బాధించింది వేరే ఉంది. కాసేపటికి అదే బయటికొచ్చింది.

"ఇందుమతికి సరిపోయింది కదండీ!"

"సరిపోయింది," అంది అమ్మగారు. చిరిగిన చోటు వెలుతురుకేసి తిప్పి, అంచులు వేళ్ళతో తడిమి చూసింది. "గుడ్డ మంచిదే. కుట్టినవాడి తప్పూ లేదు."

వకుళ ఏడుపు మెల్లగా ఆగింది. తలెత్తి అమ్మగారి మొహంలోకి చూసింది. అమ్మగారు సంచి తీసి ఆమె భుజానికి తగిలించింది.

"లేవవే. కొట్టుకెళ్ళి సూదీ దారం పట్టుకురా. పోతూ పోతూ గేటు దగ్గర కొండబాబుతో ఒక మాట చెప్పు, ఆది తేవడం మరిచిపోయానని."