ఈదమ్మ ఎక్కించిన సింహం

అనగనగనగా, కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. అప్పుడు సింహాలన్నీ నేల మీదే తిరిగేవి. చెట్టెక్కడం కోతుల పని అనుకునేవి.

ఆ కొండల్లో ఈదమ్మ అని ఒక ఆడమనిషి ఉండేది. మద్దిచెట్లెక్కి తేనె తీసేది. ఆమెకున్నవి ఒక కత్తి, ఒక బుట్ట, ఒక మేక, ఒక ముసలి తల్లి.

కొండ కింద కోటలో దొర ఉండేవాడు. వాడికి సింహాల వేటంటే పిచ్చి. అడవంతా తిరిగే ఓపిక మాత్రం లేదు. అందుకని ఎండాకాలం రాగానే మూడు వైపులా గడ్డికి నిప్పు పెట్టించేవాడు. నాలుగో వైపు బల్లెం పట్టుకుని నిలబడేవాడు.

మొదటి ఏడు నిప్పు పెట్టాడు. కుందేళ్ళు కాలాయి, గువ్వల గూళ్ళు కాలాయి. ఈదమ్మ కోటకు పోయి, "కొండనెందుకు కాలుస్తావయ్యా?" అంది. భటులు నవ్వి గెంటేశారు.

రెండో ఏడు నిప్పు పెట్టాడు. ఈదమ్మ తేనెకు పోయినప్పుడు గుడిసె కాలింది. లోపల లేవలేని తల్లి కాలింది. ఈదమ్మ మళ్ళీ కోటకు పోయింది. "మా అమ్మ నిన్నేం చేసిందిరా?" అంది.

దొర భోంచేసి చెయ్యి కడుక్కుంటున్నాడు. "నేను పెట్టింది గడ్డికి, మీ అమ్మకు కాదు" అన్నాడు.

ఈదమ్మ ఏడవలేదు. పళ్ళు నూరుకుంటూ కొండెక్కింది.

మూడో ఏడు నిప్పు పెట్టాడు. ఈదమ్మ అప్పుడు చెట్టు మీదుంది. కింద ఒక ఆడసింహం, రెండు పిల్లలు. మూడు వైపులా మంట, నాలుగో వైపు బల్లెం. సింహమంటే ఆమెకు ప్రేమేం లేదు. పోయిన వానల్లో ఆమె మేకను తిన్నది అదే. కానీ ఆ మంట చూడగానే కడుపు రగిలిపోయింది.

"ఈసారి వాడికి ఏదీ దక్కనివ్వను!"

గబగబా దిగింది. పిల్లలు రెంటినీ బుట్టలో వేసుకుని ఎక్కేసింది. తల్లి సింహం మానుకింద నిలబడి గర్జించింది. ఈదమ్మ అంతకంటే గట్టిగా అరిచింది.

"ఎక్కవే మొద్దూ! ఆ గోళ్ళున్నది నా మేకను చీల్చడానికేనా? ఎక్కు! ఎక్కు! ఎక్కు!"

సింహం ఎక్కింది. జారింది. బెరడు చీరుకుంటూ మళ్ళీ ఎక్కింది. మద్దిమాను బెరడు మందం. మంట దాన్ని నాకి వెళ్ళిపోయింది.

పొగలోంచి దొర వచ్చాడు. "ఆ సింహాన్ని కిందికి తోలవే!" అన్నాడు.

"నువ్వే పైకి రారా!" అంది ఈదమ్మ.

వాడు బల్లెం విసిరాడు. అది ఈదమ్మ గుండెలో దిగింది. కొమ్మను కరుచుకునే ప్రాణం విడిచింది. ఆ కొమ్మ మీంచే సింహం దొర మీదికి దూకింది. భటులు వెతికితే వాడి తలపాగా కూడా దొరకలేదు.

ఇప్పటికీ చెట్లెక్కే సింహాలన్నీ, తల్లిని చూసి ఎక్కడం నేర్చిన ఆ రెండు పిల్లల సంతతే. మిగతావాటికి ఎవరూ నేర్పలేదు.

ఇప్పటికీ ఆ కొండ జనం గడ్డికి నిప్పు పెట్టాల్సి వస్తే, ముందు చుట్టూ తిరిగి మూడుసార్లు కేకేస్తారు. "కింద ఎవరున్నారు? ఎక్కండి! ఈదమ్మ పిలుస్తోంది!" బదులు కోసం ఆగుతారు. అట్లా ఆగకుండా నిప్పు పెట్టినవాడు ఎంత పెద్దదొరైనా సరే, ఆ కొండ మీద వాడికి గుక్కెడు నీళ్ళు పొయ్యరు.