అరవై నిక్కర్లు, ఒకే దారం

పాకలమెట్టలో గవర్రాజు వాళ్ళింట్లో ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు. గవర్రాజు వాళ్ళే అన్నారు.

ఆ ఇంట్లో ముగ్గురన్నదమ్ములు. పెద్దోడు గవర్రాజు, నడిపోడు పోలయ్య, చిన్నోడు చిట్టెబ్బాయి. గవర్రాజు పెళ్ళాం సూరీడమ్మ. రోజూ పొద్దున్నే నలుగురూ అరుగు మీద కూర్చుని, నిన్న మనం చేసిన తెలివైన పనేంటని ఒకళ్ళనొకళ్ళు అడిగి చెప్పుకునేవాళ్ళు. ఎక్కడికైనా ఊరెళ్తే, తాళంచెవి దారిలో పోతుందేమోనని దాన్ని తాళానికే వదిలేసి వెళ్ళేవాళ్ళు. ఇంట్లో బిందెలు పోయాయి, నవారు మంచం పోయింది, దాని మీద పరుపూ పోయింది. తాళంచెవి మాత్రం ఒక్కసారి కూడా పోలేదు. మనం జాగ్రత్త పెట్టింది పోదు అని సూరీడమ్మ ఆ తాళంచెవిని వచ్చినోళ్ళందరికీ చూపించేది.

వాళ్ళ ఊరికి పైన కొండల మీద రబ్బరు తోటలున్నాయి. చెట్టుకి గాటు పెడితే తెల్లగా పాలు కారతాయి. ఆ పాలతో సన్న దారం తీసే షెడ్డు ఒకటి వీళ్ళ పెరట్లో పెట్టాడు వర్గీసు మేస్త్రి. కేరళ మనిషి. ఆ పాలకంపుకి ఊళ్ళో ఇంకెవరూ చోటివ్వలేదు. వీళ్ళిచ్చారు, పైగా ముగ్గురూ పనిలో చేరారు.

పని పెద్ద కష్టమేం కాదు. పాలల్లో మేస్త్రి ఏవో మందుపొడులు కలిపి మూడురోజులు ఉంచుతాడు. తర్వాత వడగట్టి, సన్నటి గాజుగొట్టంలోంచి యాసిడ్ కలిపిన పుల్లనీళ్ళ తొట్టిలోకి వదుల్తాడు. ఆ నీళ్ళు తగలగానే పాలు గట్టిపడి దారంలాగా వస్తాయి. ఆ దారాన్ని వేణ్ణీళ్ళలో కడిగి, వేడిపెట్టెలోంచి లాగితే ఆరిపోయి సాగే దారం అవుతుంది. దాని కొస పట్టుకుని చక్రానికి చుట్టేది మాత్రం ఎప్పుడూ మేస్త్రే.

ఈ అన్నదమ్ములకి రత్తమ్మ అని ఒక పిన్ని ఉంది. చిన్నప్పుడే అమ్మ పోతే వీళ్ళని ఆవిడే పెంచింది. కుట్టుమిషనే ఆవిడకి ఆధారం. బళ్ళో పిల్లలందరి బట్టలూ ఆవిడే కుడుతుంది. కిందటేడు జెండా పండక్కి నాడా నిక్కర్లు కుట్టింది. కవాతులో నలుగురు పిల్లలకి నాడా ఊడి నిక్కర్లు జారిపోయాయి. హెడ్మాస్టరు గారికి తల కొట్టేసినట్టయింది. ఈ ఏడు ఆవిణ్ణి పిలిచి, ఒక్క నిక్కరు జారినా సరే వచ్చే ఏటి నించీ కుట్టుపని టౌన్లో షాపుకి ఇచ్చేస్తాననేశాడు. పాపం రత్తమ్మకి రెండు రోజులు అన్నం సయించలేదు. నాడాలొద్దు, మీ రబ్బరు దారం వేద్దాం నాయనా, నా మిషను మీ చేతుల్లో ఉంది అని వచ్చి గవర్రాజు చెయ్యి పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మేస్త్రి కూతురికి పురుడొచ్చిందని కబురొచ్చింది. మేస్త్రి సంచి సర్దుకుంటూ ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పాడు.

"పాలు కలిపి పెట్టాను. డ్రమ్ముకి ఎండ తగలనీయకండి. శుభ్రమైన బట్టలో వడగట్టండి. దారం కొస పట్టుకుని లాగుతా ఉండండి, వదలొద్దు. మధ్యలో తెగనీయొద్దు. ఒకదానికొకటి అంటుకోకుండా పౌడరు చల్లండి. ఆఖర్న లాగి వదిలి చూడండి. ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడికే పోతే మంచి దారం. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. సొంత తెలివి మాత్రం వాడొద్దు."

ఆ ఆఖరి మాటకి ముగ్గురికీ, గుమ్మంలో నిలబడ్డ సూరీడమ్మకీ మనసు చివుక్కుమంది. ఉన్న తెలివి వాడకుండా ఎలా ఉంటాం అని సూరీడమ్మ ముక్కు చీదింది. కానీ పిన్ని మిషను సంగతి గుర్తొచ్చి, సరే ఈ నాలుగు రోజులూ వాడం అనుకున్నారు.

ముందు ఎండ సంగతి. డ్రమ్ము షెడ్డులోనే ఉంది, పైన రేకులున్నాయి. కానీ ఎండ ఎప్పుడు ఎటునించి వస్తుందో ఎవరికి తెలుసు. చిట్టెబ్బాయి గొడుగు తెచ్చి డ్రమ్ము మీద పట్టుకుని నిలబడ్డాడు. అన్నం కూడా సూరీడమ్మే నోట్లో పెట్టింది.

తర్వాత వడగట్టడం. ఇంట్లో అన్నిటికన్నా శుభ్రమైన బట్ట ఏది? గవర్రాజు పెళ్ళి పంచె. దాన్ని ఇంతవరకూ ఉతకలేదు, పెళ్ళి రోజు తప్ప కట్టలేదు. అంతే, పెట్టెలోంచి తీసి అందులోనే వడగట్టారు. అయ్యాక గవర్రాజు దాన్ని దండెం మీద ఆరేసి, ఆరగానే ముచ్చటపడి కట్టుకున్నాడు. ఇంకేముంది, పంచె రబ్బరు పట్టి కూర్చుంది. నాలుగడుగులు ముందుకేస్తే మూడడుగులు వెనక్కి లాగుతోంది. పంచెకి నేనంటే ఎంత ప్రేమో చూడండి, వెళ్ళనివ్వట్లేదు అన్నాడు గవర్రాజు.

దారం తియ్యడం మొదలెట్టారు. గవర్రాజు గొట్టం దగ్గర, పోలయ్య కొస దగ్గర. వేడిపెట్టెలోంచి కొస బయటికి రాగానే పోలయ్య పట్టుకున్నాడు. మేస్త్రి చక్రానికి చుట్టమని చెప్పలేదు. పట్టుకుని లాగమన్నాడు. పోలయ్య పట్టుకుని నడిచాడు. పెరడు అయిపోయింది. వీధిలోకొచ్చాడు. టీకొట్టు దాటాడు, మంగలి షాపు దాటాడు, పిండిమర దాటాడు. జనం సైకిళ్ళెత్తి దారం దాటించుకుంటున్నారు. ఎక్కడికి పోలయ్యా అని అడిగితే, తెలీదండి, పాలు అయిపోయిందాకా అన్నాడు. బస్టాండు దగ్గరికెళ్ళేసరికి డ్రమ్ము ఖాళీ అయింది.

ఆఖరి కొస గవర్రాజు చేతిలో ఉంది. లాగి వదిలి చూడాలి కదా. వదలమని టీకొట్టు వాడితో చెప్పాడు, టీకొట్టు వాడు మంగలికి చెప్పాడు, మంగలి పిండిమర వాడికి చెప్పాడు. ఆ మాట బస్టాండుకి చేరింది. పోలయ్య బాగా వెనక్కి లాగి, వదిలాడు.

అంతే. దారం సర్రుమని వచ్చింది. వస్తా వస్తా పిండిమర దగ్గర జల్లెడ, మంగలి దగ్గర సగం గడ్డం గీయించుకున్న మనిషి మెళ్ళో తువ్వాలు, టీకొట్టులో టీ వడకట్టే గుడ్డ, వీధిలో ఆరేసిన రెండు లంగాలు, అన్నీ పట్టుకొచ్చి గవర్రాజు మొహం మీద పడ్డాయి. ఆ కుప్ప కిందనించి గవర్రాజు గొంతు వినిపించింది. "ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడికే వచ్చింది. మంచి దారం."

పోలయ్య మాత్రం ఏడుస్తా వచ్చాడు. కొస వదలొద్దని మేస్త్రి ముందే చెప్పాడు, నేను వదిలేశాను, మాట తప్పాను అన్నాడు. ఇంక ఈ జన్మలో దారం కొస నా చేతికొస్తే చస్తే వదలనని సూరీడమ్మ తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు.

దారమంతా ఉండ చుట్టుకుపోయి అంటుకుంటోంది. పౌడరు చల్లాలి. సూరీడమ్మ ఆలోచించింది. దారం దారానికే కాదు, మనుషులకి కూడా అంటుకుంటోంది. కాబట్టి మనుషులకి కూడా రాయాలి. అంతే, నలుగురూ నెత్తి నించి కాళ్ళ దాకా రాసుకున్నారు. అప్పుడే రత్తమ్మ వచ్చింది. ఏరా దారం అయిందా అని నోరు తెరిచేలోపు ఆవిడకీ రాసేశారు. డబ్బా అయిపోయింది, దారం అలాగే ఉంది.

పౌడరు లేకపోతే ఏం, తెల్లగా మెత్తగా ఉంటే చాలు కదా అని సూరీడమ్మ బియ్యప్పిండి చల్లింది. పిండి చూసి కోళ్ళొచ్చాయి. ఒక పెట్ట ఒక కొస నించి, ఇంకో పెట్ట ఇంకో కొస నించి మింగడం మొదలెట్టాయి. ఒకటి తూర్పుకి పరిగెత్తితే రెండోది దాని వెనకే ఎగిరొస్తోంది. నలుగురూ కలిసి ఆ రెంటినీ పట్టుకుని దారం బయటికి లాగేసరికి పొద్దు వాలింది. దారం ఎక్కడా తెగలేదని మాత్రం గవర్రాజు సంతోషపడ్డాడు.

రత్తమ్మ మొహం తుడుచుకుని, అరవై నిక్కర్లున్న గంప వాళ్ళ ముందు పెట్టింది. నడుం పట్టీలు కుట్టేశాను, మూరెడు మూరెడు ముక్కలు కోసి పిన్నీసుతో ఎక్కించి పొద్దున్నే బడికి తీసుకురండి, నేను చొక్కాల గుండీలు కుట్టుకోవాలి అంది. గుమ్మం దాటబోతా ఆగి, "ఒరే గవర్రాజూ, ఒక్కటి జారిందంటే నా బతుకు జారిపోయినట్టేరా" అని వెళ్ళిపోయింది.

గవర్రాజు దారం సాగలాగి మూర కొలిచి కోశాడు. కింద పెట్టాడు. చూస్తే జానెడే ఉంది. నేల తినేసింది అన్నాడు. ఇంకోటి కోసి మంచం మీద పెట్టారు. మంచమూ తినేసింది. ఇంకోటి సూరీడమ్మ చేతిలో పెట్టారు. అదీ జానెడే అయింది. నేను తినలేదు ఒట్టు అని సూరీడమ్మ నోరు తెరిచి చూపించింది. అప్పుడు చిట్టెబ్బాయి గొడుగు కిందనించే కనిపెట్టాడు.

"నేలా కాదు, మంచమూ కాదు. కత్తెర తింటోందన్నయ్యా. కొయ్యకముందు మూర ఉంది, కోశాకే తగ్గింది."

నిజమే కదా అనిపించింది అందరికీ. పైగా మేస్త్రి కూడా తెగనీయొద్దనే చెప్పాడు. ఇంకేముంది, కత్తెర అటకెక్కించి, ఆ పొడుగు దారాన్నే ఒక నిక్కరు నడుం చుట్టూ తిప్పి, బయటికి తీసి, పక్క నిక్కర్లోకి దూర్చి, అలా అరవై నిక్కర్లకీ ఒకే దారం ఎక్కించారు. ఎంత బాగొచ్చిందో. మావిడాకుల తోరణంలాగా ఉంది.

జెండా పండగ రోజు పొద్దున్న పిల్లల్ని క్లాసులో వరసగా నిలబెట్టి, ఆ తోరణం అలాగే తొడిగేశారు. పైన చొక్కాలు జారవిడిచి, దగ్గర దగ్గరగా నిలబెట్టేసరికి ఆ సన్న దారం ఎవరికీ కనపళ్ళేదు. ముందు కొస పోలయ్య పట్టుకున్నాడు. వెనక కొస గొడుగు కర్రకి కట్టి చిట్టెబ్బాయికిచ్చారు, ఎలాగూ దారానికి ఎండ తగలకూడదు కదా. కానీ గొడుగు ఒకటే, పిల్లలు అరవైమంది.

కవాతు మొదలైంది. ఒక్కడు ముందుకి పోలేదు, ఒక్కడు వెనకబడలేదు. ఒకడు కాలెత్తితే అరవైమందీ ఎత్తాల్సిందే. చిట్టెబ్బాయి ఒక్కో పిల్లాడి మీదా గొడుగు పడేలా వరస ఈ చివర నించి ఆ చివరికి పరిగెడుతున్నాడు. అది కూడా కవాతులో భాగమే అనుకుని, జెండా ఎగరెయ్యడానికొచ్చిన పంచాయితీ ప్రెసిడెంటు గారు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు గారి మొహం వెలిగిపోయింది. రత్తమ్మ దగ్గరికొచ్చి, ఒక్కటంటే ఒక్కటి జారలేదమ్మా, వచ్చే ఏడూ నువ్వే కుట్టు అన్నాడు. రత్తమ్మ కళ్ళొత్తుకుంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. పిప్పరమెంటు బిళ్ళలు పంచుతున్నాం రండర్రా అన్నారెవరో. ముందున్న పిల్లాడు పరిగెత్తాడు. దారం సాగింది, సాగింది, ఆఖరి పిల్లాడు గొడుగుతో, చిట్టెబ్బాయితో సహా వెళ్ళి ముందున్నోడి మీద పడ్డాడు. మధ్యలో ఉన్నోళ్ళు అటు నలుగురు, ఇటు నలుగురు లాగుతున్నారు. అప్పుడు చూశాడు హెడ్మాస్టరు గారు దారాన్ని. ఇదేంటయ్యా, కోసి పారెయ్యండి అన్నాడు.

గవర్రాజు రత్తమ్మ బొడ్లో కత్తెర తీసుకుని వినయంగా అడిగాడు, ఎక్కడ కొయ్యమంటారండీ అని. ఎక్కడో ఒకచోట కొయ్యవయ్యా అన్నాడాయన. అంతే. గవర్రాజు సరిగ్గా మధ్యలో, ఒక్కచోట కోశాడు.

సగం దారం సర్రుమని పోలయ్య చేతికి పోయింది. మిగతా సగం గొడుక్కి పోయింది, గొడుగు చిట్టెబ్బాయి మీద మూసుకుంది. అరవై నిక్కర్లూ ఒక్క దెబ్బకి నేల మీదున్నాయి. పిల్లలు చొక్కాలు మోకాళ్ళ దాకా లాక్కుని, బిళ్ళల కోసం పరిగెత్తాలో వద్దో తెలీక అలాగే నిలబడ్డారు.

హెడ్మాస్టరు గారు కోపంతో ఊగిపోతా రత్తమ్మ వైపు తిరిగాడు. ఒక్కటి జారితే ఏమవుతుందో చెప్పానా లేదా అన్నాడు. గవర్రాజు చేతులు కట్టుకుని మధ్యలోకొచ్చాడు. వస్తా వస్తా పంచె రెండుసార్లు వెనక్కి లాగింది.

"ఒక్కటి జారలేదండి. మీరే చూడండి, అరవయ్యీ జారాయి."

ప్రెసిడెంటు గారు ముందు దగ్గారు, తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, తర్వాత ఆపుకోలేక కుర్చీలోంచి జారారు. పిల్లలు మొదలెట్టారు. హెడ్మాస్టరు గారు గవర్రాజు మొహంలోకి తేరిపార చూశాడు. అందులో కొంటెతనం ఇసుమంతైనా లేదు. అన్న మాట ప్రకారం కుట్టుపని నీ దగ్గరే ఉంటుంది రత్తమ్మా, వీళ్ళు మాత్రం నీ దగ్గర ఉండకూడదు అని ఆయన కూడా నవ్వేశాడు.

సాయంత్రం మేస్త్రి బస్సు దిగి బడి ముందునించి నడిచొస్తున్నాడు. గ్రౌండు ఖాళీగా ఉంది. జెండా కర్ర కింద పోలయ్య ఒక్కడే, రెండు చేతులూ చాచి కదలకుండా నిలబడ్డాడు. పొద్దున్న పట్టుకున్న కొస ఒక చేతిలో ఉంది. తెగొచ్చిన కొస రెండో చేతిలో ఉంది. మధ్యలో దారమంతా ముద్దగా చిక్కుపడి, బిగుసుకుని వణుకుతోంది.

మేస్త్రి సంచి కింద పెట్టి, ఏంట్రా ఇది అన్నాడు. కొస వదలొద్దన్నారు కదా, ఇప్పుడు రెండున్నాయి, రెండూ వదల్లేదు, మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు అన్నాడు పోలయ్య. మేస్త్రికి జాలేసింది. సరేలే, ఇంక వదిలెయ్ నాయనా అన్నాడు.

"ఏది వదలమంటారు మేస్త్రీ?"

"ఏదో ఒకటి వదలరా."

పోలయ్య ఒకటి వదిలాడు. అది ఫట్టుమని వచ్చి వాడి ముక్కు మీదే తగిలింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా, మొహం చాటంత చేసుకుని మేస్త్రికేసి చూశాడు.

"ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడికే వచ్చింది మేస్త్రీ. మంచి దారం."